బ్లాక్ లైట్ కింద పది బాతులు

పాత వస్తువులకు విలువ కట్టే పని నేర్చుకోవాలని ఇప్పటికీ అప్పుడప్పుడు ఎవరో ఒకరు నాకు ఫోన్ చేస్తుంటారు. ఎక్కువమంది ఇక్కడ అమెరికాలోనే పుట్టి పెరిగిన మన పిల్లలు. "ఆంటీ, అసలుదో కాదో మీకు ఒక్క చూపులో తెలిసిపోతుందట కదా?" అని అడుగుతారు. ఒక్క చూపులో నాకు తెలిసిపోయాయనుకున్నవాటిలో సగం తప్పులే. వాటిలో పెద్ద తప్పు గురించి ఇక్కడ రాస్తున్నాను. అది నేను పుట్టినప్పటి నుంచి నా ఇంట్లో, నా చేతిమీద ఉన్న వస్తువు గురించిన తప్పు కాబట్టి చదివినవాళ్లు నవ్వుకోవచ్చు. నేనూ నవ్వుకుంటాను, కానీ పూర్తిగా కాదు.

2004 నుంచి 2015 దాకా పదకొండేళ్లు ఒక చిన్న షాపులో పనిచేశాను. కాలిఫోర్నియాలో డబ్లిన్‌లోని మా ఇంటి నుంచి తూర్పుగా కొండలు దాటి నలభై ఆరు మైళ్లు పోతే, నది పాయలుగా చీలే చోట ఉండేది ఆ షాపు. వేట సామాను, చేపల గాలాలు, పాత పడవ తెడ్లు, అన్నిటికన్నా ఎక్కువగా కార్క్ బాతులు అక్కడికి వచ్చేవి. మేం వాటిని బాగుచేసి, విలువ కట్టి, రిపోర్టు రాసి ఇచ్చేవాళ్లం.

కార్క్ బాతులంటే ఆటబొమ్మలు కావు. తెల్లవారకముందే వేటగాళ్లు వాటిని చిత్తడి నేలల నీళ్లలో వదిలి, రెల్లు చాటున కూర్చుంటారు. పైన ఎగిరే బాతులు వీటిని చూసి, తమవాళ్లు కింద తీరుబడిగా మేస్తున్నారనుకుని దిగుతాయి. మన వైపు పిట్టలు పట్టేవాళ్లు బతికున్న పిట్టనే ఎరగా కట్టేసి, దాన్ని దీమపు పిట్ట అనేవాళ్లు. ఇక్కడివాళ్లు దీమాన్ని చేత్తో చెక్కుకున్నారు. పాత ఐసు గిడ్డంగుల గోడల్లో చలువ నిలవడానికి పరిచిన నల్ల కార్క్ పలకలు ఉండేవి. గిడ్డంగులు కూల్చినప్పుడు ఆ పలకలు తెచ్చుకుని ఒళ్లు చెక్కారు. తల పైన్ చెక్కతో చేశారు. కింద ఒక చెక్కపలక బిగించి, బోర్లా పడకుండా దానికి సీసం ముక్క మేకులతో కొట్టారు. డెబ్భై ఏళ్ల తర్వాత కూడా అవి నీళ్లలో నిటారుగా కూర్చుంటాయి. చేసినవాళ్లలో చాలామంది రైతులు, పడవలవాళ్లు, వడ్రంగులు.

మూడు తరాలుగా కోడిగుడ్డు కూడా తగలని ఇల్లు మాది. నేను ఈ పనిలోకి రావడం పూర్తిగా యాదృచ్ఛికం. మావారు కంప్యూటర్ చిప్పుల కంపెనీలో ఇంజనీరు. నాకు పనిచేసే అనుమతి వచ్చేసరికి ముప్ఫై తొమ్మిదేళ్లు. చదువు ఇంటర్‌తో ఆగింది. "సామాను లెక్కపెట్టి జాబితా రాయడానికి మనిషి కావాలి" అన్న ప్రకటన చూసి వెళ్లాను. యజమానురాలు ఒక గది చూపించి సాయంత్రానికి జాబితా ఇవ్వమంది. ఇచ్చాను. ఆమె పుస్తకంలో అరవై మూడు ఉన్నాయని ఉంది, గదిలో ఉన్నవి అరవై ఒకటి, ఆ లేని రెండూ ఆమె బల్లమీద పేపర్ల కింద ఉన్నాయి అని కూడా రాశాను. "రేపు ఎన్నింటికి వస్తావు?" అంది.

అప్పటినుంచి నేను కొలవడం మొదలుపెట్టాను. వంటింటి త్రాసు, కుట్టుపని టేపు, ఒక రూళ్ల నోటుబుక్కు. షాపులోకి వచ్చిన ప్రతి బాతు బరువు, పొడవు, ముక్కు పొడవు, కళ్ల మధ్య దూరం, ఎన్ని మేకులు, ఎన్ని పగుళ్లు అన్నీ రాసుకునేదాన్ని. ఆరేళ్లలో రెండు వేల పైచిలుకు బాతులయ్యాయి. వాటినుంచి నేనే ఒక పట్టిక తయారుచేశాను. తలకు ముప్ఫై మార్కులు, రంగుకు నలభై, ఒంటికి ఇరవై, అడుగుకు పది. వందకు ఎన్ని వస్తే అంత. యజమానురాలికి ఆ పట్టిక బాగా నచ్చింది. నాకు ఇంకా బాగా నచ్చింది. డబ్లిన్‌లో తలా ఒక వంట తెచ్చే పాట్‌లక్‌లకి వెళ్తే, "ఏంటి, ఈ వారం ఎన్ని బాతులకి ఫస్ట్ క్లాస్ ఇచ్చావు?" అని స్నేహితురాళ్లు ఏడిపించేవాళ్లు. వాళ్ల పిల్లలు నన్ను డక్ ఆంటీ అనేవాళ్లు.

పట్టిక నచ్చనివాడు షాపులో ఒక్కడే. బాగుచేసే పెద్దాయన.

ఆయనకు అప్పటికే డెబ్భై దాటింది. ఒకప్పుడు పడవలు కట్టే చోట వడ్రంగి. ఆయన బల్లమీద పసిపిల్లల ఆహారం వచ్చే చిన్న సీసాలు నలభై రెండు ఉండేవి (లెక్కపెట్టాను), ఒక్కోదాంట్లో ఒక్కో రంగు కార్క్ పొడి. ఎలుక కొరికిన బాతు వస్తే, దాని వయసుకూ దాని ఎండకూ సరిపడే పొడి వెతికి, జిగురుతో కలిపి, బెజ్జం పూడ్చేవాడు. పూడ్చాక నేను ఎంత వెతికినా అది ఎక్కడుందో దొరికేది కాదు. అంత పనితనం ఉన్నవాడు, పూడ్చే ముందు ప్రతి బెజ్జంలోనూ ఒక చిన్న ఇత్తడి పిన్ను పెట్టేవాడు.

"ఎందుకది?" అని మొదట్లో అడిగాను.

"రేపు ఎవడో ఎక్స్‌రే తీస్తాడు. పిన్ను కనిపిస్తుంది. ఇక్కడ ఎవడో చెయ్యి పెట్టాడని తెలుస్తుంది. నేను దొరికిపోవాలి, ప్రొఫెసర్. అది నా పనిలో భాగం."

నన్ను ప్రొఫెసర్ అనేవాడు, నోటుబుక్కు మీద వెటకారంగా. ఆయనకు రెండు నియమాలుండేవి. బాగుచేసిన ప్రతి బాతునూ ఒక రేకు తొట్టిలో పది నిమిషాలు తేలనివ్వాలి. అందులో వేలకు వేలు పలికే బాతుల్ని దించుతుంటే నేను తువ్వాలు పట్టుకుని పక్కనే నిలబడేదాన్ని. "తేలకపోతే అది బాతు కాదు, బొమ్మ" అనేవాడు. రెండోది, తెలియనిదాన్ని తుడవకూడదు. బాతుమీద ఏ మరక ఉన్నా అదేమిటో తెలిసేదాకా గుడ్డ తగలనిచ్చేవాడు కాదు. అన్నిటినీ మార్కులతో కొలిచే నాకు ఆ రెండో నియమం చాదస్తం అనిపించేది.

2012 సెప్టెంబర్ చివర్లో ఒకావిడ గోనెసంచి భుజాన వేసుకుని వచ్చింది. యాభై ఏడు, యాభై ఎనిమిదేళ్లుంటాయి. ఉత్తరాన లోయలోని వరి పండే ఊళ్లో స్కూల్ బస్సు నడుపుతానని చెప్పింది. వాళ్ల నాన్న రైతు, ఆ వసంతంలోనే పోయాడు. సంచిలో ఆయన చేసిన కార్క్ బాతులు పది ఉన్నాయి. అన్నీ పొడవు తోక పింటెయిల్ బాతులే, మగవి అయిదు, ఆడవి అయిదు. ఊళ్లో చిన్న మ్యూజియం ఉంది, వాళ్లు వాటిని అద్దాల బీరువాలో పెడతామన్నారట, కానీ తలనుంచి తోకదాకా ఆయన చేతిపనే అని విలువ కట్టేవాళ్ల రిపోర్టు ఉంటేనే ఆయన పేరుతో పెడతారు. లేకపోతే "ఈ ప్రాంతపు పనితనం" అని రాసి ఊరుకుంటారు.

"నాన్న వీటిమీద ఇంకొకళ్ల చెయ్యి పడనివ్వలేదు. నన్ను కూడా ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఆయన పేరు రాకపోతే నేను వీటిని మళ్లీ సంచిలో వేసుకుని పోతాను" అంది.

బాతులు బాగున్నాయి. నిజం చెప్పాలంటే, ఆ పదకొండేళ్లలో నేను చూసినవాటిలో మొదటి అయిదింటిలో ఉంటాయి. గోధుమరంగు తల, తెల్లటి మెడగీత ఒక్క కుంచె విదుపుతో వేసినట్టున్నాయి. ముక్కు కింద ప్రతి తలకూ ఒకే చోట కత్తి ఆనవాలు, ఎడమనుంచి కుడికి చిన్న వంపు. పెద్దాయన వాటిని తొట్టిలో దించి, పది నిమిషాలూ కుర్చీలో కూర్చుని చూశాడు. అలా కూర్చోవడం నేను ఎప్పుడూ చూడలేదు. "ఈయన బాతుల్ని చాలాసేపు చూశాడు, వేటాడటం తర్వాత సంగతి" అన్నాడు.

మార్కులు వేశాను. తొంభై నాలుగు దగ్గర మొదలయ్యాయి.

ఆఖరి పరీక్ష బ్లాక్ లైట్, అంటే అతినీలలోహిత దీపం. గది చీకటి చేసి ఆ దీపం పెడితే, పాత రంగు మసగ్గా ఉంటుంది, మీద తర్వాత పులిమినది వేరుగా మెరుస్తుంది. యజమానురాలు తెర లాగింది. నేను దీపం పట్టుకున్నాను. మొదటి బాతు రెండు కళ్ల మధ్య, నడినెత్తిన, బొటనవేలంత మచ్చ పసుపుపచ్చగా భగ్గున వెలిగింది. రెండోదానికీ అంతే. మూడోదానికీ. పదింటికీ.

"తలలకి టచప్ చేశారు. పదింటికీ" అంది యజమానురాలు.

వెలుతురులో చూస్తే ఆ చోట గోధుమరంగు మీద ఏదో జిడ్డు మరకలా తప్ప ఏమీ కనిపించలేదు. ఒకే చోట, ఒకే సైజులో పది మచ్చలంటే, పగిలిన తలలకు అతుకువేసి కొత్త రంగు కప్పారని నా లెక్క. ఏడో నంబరు బాతు మచ్చ మిగతావాటిలో సగమే మెరిసింది, దాని అడుగున సీసం పక్కన రెండు పాత మేకు బెజ్జాలు కూడా ఉన్నాయి. ఆ రెండూ రాసుకున్నాను. రాసుకుని, వాటికీ మార్కులు తీసేశాను. పట్టికలో తల అడ్డవరస దగ్గర ముప్ఫై కొట్టేసి సున్నా వేశాను. "తలలు తర్వాత బాగుచేసినవి. చేసినవాడి పని అని చెప్పలేం" అని చిత్తురిపోర్టు రాసి సంతకం పెట్టాను.

ఆవిడకి ఫోన్‌లో చెప్పింది కూడా నేనే.

"మా నాన్న అబద్ధం చెప్పాడంటున్నారా?"

"లేదండీ, మేం దీపం ఏం చూపిస్తే అదే..."

"మీ దీపం మా నాన్నతో కలిసి నలభై ఏళ్లు బురదలో కూర్చుందా?" అని పెట్టేసింది. అక్టోబర్‌లో ఫలానా రోజు మధ్యాహ్నం రెండింటికి వచ్చి బాతుల్ని తీసుకుపోతానని తర్వాత మెసేజ్ పెట్టింది.

ఆ మచ్చలు తుడిచేస్తే కింద ఏముందో తేలిపోతుంది కదా అని యజమానురాలు పెద్దాయనకు ఆ బాతులు ఇచ్చింది. ఆయన అన్ని ద్రావకాలూ బల్లమీద వరసగా పెట్టుకుని, ఒక్కదాని మూత కూడా తియ్యలేదు.

"ఏమిటిది, ప్రొఫెసర్?"

"రంగు."

"ఏ రంగు?"

"కొత్త రంగు."

"నేను యాభై ఏళ్లుగా రంగులు కలుపుతున్నా. ఇలా వెలిగే రంగు నా దగ్గర లేదు. నీ పట్టికలో ఉందా?"

లేదు. అయినా, పేరు తెలియనంత మాత్రాన అది రంగు కాకుండా పోతుందా అని వాదించాను. ఆయన బాతుల్ని మెత్తటి గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టేశాడు. "తెలియనిదాన్ని తుడవను. ఆవిడ వచ్చాక ఉన్నవి ఉన్నట్టు ఇచ్చేద్దాం. మనకు తెలియలేదని చెబుదాం. అది కూడా ఒక రిపోర్టే."

నా సంతకం ఉన్న రిపోర్టును అంత తేలిగ్గా తీసిపారేసినందుకు మూడు వారాలు ఆయనతో ముభావంగా ఉన్నాను. ఇప్పుడు తలుచుకుంటే, ఆ మూడు వారాలూ ఆయన ఆ బాతుల్ని కాదు, నన్ను కాపాడాడు. ఒక్కసారి గుడ్డ పెట్టి తుడిచి ఉంటే నా తప్పు శాశ్వతంగా నిజమై కూర్చునేది.

ఆవిడ వస్తానన్న రోజు దసరా. పండగ వారం మధ్యలో వచ్చింది, సెలవు లేదు. పొద్దున ఆరున్నరకే గరాజ్‌లో రెండు కార్లకూ ఆయుధపూజ చేస్తున్నాను. మావారు లాప్‌టాప్ బ్యాగు భుజాన వేసుకుని నిలబడి ఉన్నారు.

"ఎంతసేపు? నాకు ఎనిమిదింటికి మీటింగ్ ఉంది. నిమ్మకాయలు పెట్టెయ్, నేను తొక్కించి వెళ్లిపోతా."

"కొంచెం ఆగండి. పసుపు ఆరాలి."

"అది కారు, ఆరకపోయినా స్టార్ట్ అవుతుంది."

పసుపు తడిపి, కుంకుమ పెట్టి, నిమ్మకాయలు చక్రాల కింద పెట్టి, కొబ్బరికాయ కొట్టి, చేతులు సబ్బుతో కడుక్కుని బయల్దేరాను. తొమ్మిదిన్నరకు షాపులో ఉన్నాను. ఆ రోజు మొదటి పని ఒక పాత చేపల గాలపు పెట్టె. తెర లాగి, బ్లాక్ లైట్ వెలిగించి, పెట్టె మూతను ఎడమచేత్తో పట్టుకున్నాను.

నా బొటనవేలు వెలిగింది.

గోరు చుట్టూ, గోరు కింద, వేలి ముడతల్లో, పసుపుపచ్చగా, భగ్గున. ఎన్నిసార్లు కడిగినా పసుపు గోళ్లలో మిగులుతుందని మన ఇళ్లలో ఎవరికి తెలియదు? ఆ వెలుగు ఎక్కడ చూశానో గుర్తొచ్చి, మూత పక్కన పెట్టేశాను. బీరువా తీసి, గుడ్డలు విప్పి, మొదటి బాతు నెత్తిమీద మచ్చ పక్కన నా బొటనవేలు పెట్టాను. రెండూ ఒకటే రంగు. సైజు కూడా ఒకటే. అది ఎవరో బొటనవేలితో పెట్టిన బొట్టు.

నేను చీకట్లోంచే కేక పెట్టాను. పెద్దాయన వచ్చాడు. బాతును చూశాడు, నా వేలు చూశాడు.

"ఏం పూసుకున్నావు?"

"పసుపు. వంటలో వేసుకుంటాం. పండగకి పనిముట్లకు పెడతాం."

"బాతులకి?"

"మా ఇంట్లో కార్లకి."

ఆయన చాలాసేపు నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, "మరి వరి పండించే ముసలాడి బాతులకి ఎవరు పెట్టారు?" అన్నాడు.

యజమానురాలు నమ్మలేదు. నమ్మకపోవడమే ఆమె ఉద్యోగం. "నీ వేలు సాక్ష్యం కాదు" అంది. నిజమే. పార్కింగ్‌లోకి వెళ్లి, కారు బానెట్ మీద మిగిలిన పసుపు ఒక పేపర్లోకి గీకి తెచ్చాను. పనికిరాని పాత చెక్క తల ఒకటి తీసుకుని, గోధుమరంగు మీద ఒక చుక్క నీళ్లతో, ఒక చుక్క నూనెతో పెట్టాను. పెద్దాయన తెలిసిన కొత్త రంగులు ఏడు రకాలు పక్కన చుక్కలుగా పెట్టాడు. దీపం కింద ఆ తొమ్మిది చుక్కల్లో బాతుల మచ్చలాగా వెలిగినవి రెండే. నూనెలో కలిపినదైతే పక్కన పెడితే తేడా తెలియలేదు.

రెండింటికి ఆవిడ వచ్చింది. మొహం ముడుచుకునే వచ్చింది. గోనెసంచి చేతిలోనే ఉంది.

"ముందు ఒక్క ప్రశ్న. మీ నాన్నగారికి ఇండియన్ స్నేహితులు ఎవరైనా ఉన్నారా?" అని అడిగాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "డాక్టర్ ఉన్నాడు. మా ఊరికి ముప్ఫై ఏళ్లు ఒక్కడే డాక్టర్. నాన్నతో వేటకి వచ్చేవాడు, కానీ తుపాకి ముట్టేవాడు కాదు. ఎందుకు?"

ఆ డాక్టరుగారు నిరుడు చివర్లో రిటైరై ఆరిజోనాలో చాండ్లర్‌లో కూతురి దగ్గర ఉంటున్నారట. మోకాళ్లు సహకరించక ఆవిడ నాన్న అంత్యక్రియలకు రాలేకపోయి ఫోన్ చేశారట. ఆ నంబరు ఆవిడ ఫోన్‌లో ఉంది. స్పీకర్ పెట్టి కలిపింది. ఆయన ఇంగ్లిష్‌లో పలకరించారు, ఆ యాస వినగానే నాకు అర్థమైంది. "నమస్కారమండీ, తెలుగువారా?" అన్నాను.

"అరె! ఎవరమ్మా నువ్వు? ఆ అమ్మాయి ఫోన్‌లోంచి తెలుగేమిటి?"

బాతులకు విలువ కట్టే షాపులో పనిచేస్తానని చెప్పాను.

"బాతుల షాపులో తెలుగమ్మాయా! మా ఆవిడ వింటే నమ్మదు. ఏ ఊరమ్మా మీది?... సరే సరే, చెప్పు."

"ఆ బాతుల నెత్తిన పసుపు ఉందండీ. అది..."

"నేనే పెట్టాను! ఇంకా ఉందా?" ఆయన గొంతు ఒక్కసారిగా ముప్ఫై ఏళ్లు తగ్గింది. "ఆయుధపూజ కదమ్మా. వాళ్ల సీజన్ ఓపెన్ అయ్యేదీ, మన దసరా వచ్చేదీ దాదాపు ఒకే టైమ్. మొదటి ఏడాది ఊరికే సరదాకి పెట్టాను. నీళ్లలో పోతుందని నువ్వులనూనెలో కలిపి మరీ పెట్టాను. ఆ రోజు బాతులు బ్రహ్మాండంగా దిగాయి. ఇంక ఆయన వదల్లేదు. ప్రతి అక్టోబర్‌లో క్లినిక్‌కి ఫోన్. 'డాక్, ఆ ఎల్లో స్టఫ్ తీసుకుని ఎప్పుడొస్తున్నావ్' అని. నర్సులు ఏదో మందు అనుకునేవాళ్లు."

"కుంకుమ పెట్టలేదా?"

"పెడతానన్నాను. ఒప్పుకోలేదు. పైనుంచి ఎర్రచుక్క కనిపిస్తే ఒక్క బాతు దిగదు అన్నాడు. ఆ విషయంలో చాలా స్ట్రిక్ట్. నేను మాంసం తినను, తుపాకి పట్టను. ఫ్లాస్క్‌లో ఫిల్టర్ కాఫీ పట్టుకుని కూర్చునేవాణ్ణి. చంపే పనిముట్టుకి పూజేమిటని మా ఆవిడ తిట్టేది. అందుకే ఇంట్లో చెప్పకుండా పసుపు పట్టుకెళ్లేవాణ్ణి."

ఇదంతా నేను ఇంగ్లిష్‌లో చెబుతుంటే ఆవిడ మొహం మెల్లగా విచ్చుకుంది. "నాన్న మమ్మల్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు. డాక్టర్‌ని బొట్టు పెట్టనిచ్చేవాడా?" అంది, కొంచెం ఉక్రోషంగా, కొంచెం మురిపెంగా.

నేను నోటుబుక్కు తీశాను. "ఒక్క బాతుకు మాత్రం సగమే మెరుస్తోందండీ. దాని అడుగున సీసం మార్చినట్టు కూడా ఉంది."

డాక్టరుగారు గొంతు తగ్గించారు. "అది నా వల్లే. చీకట్లో పడవలోంచి దిగుతూ దానిమీద కాలు వేశాను. తల ఊడి ముక్కలైంది. ఆయన ఒక్క మాట అనలేదు. మరుసటి వారానికి కొత్త తల చెక్కి పెట్టాడు. అప్పటినుంచి నన్ను మాత్రం బాతులకి రెండు గజాల దూరంలో కూర్చోబెట్టేవాడు. పిల్లలకి చెప్పొద్దు డాక్, నీ పరువు పోతుంది అనేవాడు."

అదీ ఇంగ్లిష్‌లో చెప్పాను. యజమానురాలు చెయ్యెత్తింది. "అయితే ఏడో నంబరు తల మార్చినదే. రిపోర్టులో రాయాలి."

"రాయాలి. ఎవరు మార్చారో కూడా రాయాలి" అన్నాడు పెద్దాయన. ఏడో నంబరును తిరగేసి, భూతద్దం నా చేతికిచ్చాడు. "చూడు, ప్రొఫెసర్. షాపుకి అమ్మడానికి తల మార్చేవాడు సీసం ఎందుకు కదుపుతాడు? కొత్త తల పాతదానికన్నా బరువైంది. బాతు ముందుకు వాలింది. అందుకే సీసం పీకి వెనక్కి కొట్టాడు. నీళ్లలో వదిలేవాడే అది చేస్తాడు. ఇప్పుడు ముక్కు కింద చూడు."

ఎడమనుంచి కుడికి, చిన్న వంపు. మిగతా తొమ్మిదింటిలాగే.

ఆ రెండు మేకు బెజ్జాలనూ మూడు వారాల ముందే చూసిన కళ్లు నావే. నేను వాటికి మార్కులు తీసేశాను. ఆయన వాటిలో ఒక మనిషి మళ్లీ మళ్లీ తేల్చి చూసుకున్న సాయంత్రాన్ని చూశాడు. ఫోన్ చేసే పిల్లలకు నేను చెప్పాలనుకునేది ఇదే. కొలవడం మానవద్దు, ఆ నోటుబుక్కు లేకపోతే బెజ్జాలు ఎవరికీ గుర్తుండేవి కావు. కానీ కొలిచినదాన్ని కూడికల్లో వేసే ముందు, అది ఎందుకు అలా ఉందో ఒక్కసారి అడగండి.

పాత రిపోర్టును నేనే చింపేశాను. కొత్తది ఆవిడ ముందే రాశాను. తలలు పదీ చేసినవాడివే. ఏడోది ఆయనే తర్వాత మార్చినది. నెత్తిన మచ్చలు పసుపు, స్నేహితుడు ఏటా పెట్టినవి, రంగు కాదు, తుడవరాదు. యజమానురాలు రెండుసార్లు చదివి తనూ సంతకం పెట్టింది. మార్కుల గడి ఖాళీగా వదిలేశాను. ఆమె అడగలేదు. ఆవిడ కాగితాన్ని మడిచి, బస్సు తాళాలున్న జేబులో కాకుండా చొక్కా జేబులో పెట్టుకుంది. నాన్న పేరు బీరువామీద ఉంటుంది.

ఫోన్ ఇంకా కలిసే ఉంది. ఎవరూ పెట్టెయ్యలేదు.

"అమ్మా, ఇవాళ దసరా కదా. మరి ఈ ఏడు ఎవరు పెట్టారు?" అన్నారు డాక్టరుగారు.

ఆ మాట ఆవిడకి ఇంగ్లిష్‌లో చెప్పాను. ఆవిడ బాతుల వైపు చూసింది. పేపర్లో మిగిలిన పసుపు వైపు చూసింది.

"ఎలా పెట్టాలి?"

యజమానురాలు గొంతు సవరించుకుంది. షాపులో ఉన్న వస్తువుకు మేం ఏదీ కలపకూడదు. అది గోడమీద రాసి ఉంది, రాసింది నేనే. మేమందరం పెద్దాయన వైపు చూశాం, ఒక చుక్క జిగురు కూడా పిన్ను పెట్టకుండా వెయ్యని మనిషి ఆయన.

"బాతులు ఆవిడవి. మన పని రాసుకోవడం" అన్నాడు. వెళ్లి తొట్టిలో నీళ్లు పట్టడం మొదలుపెట్టాడు.

పెద్దాయన వాడే కుంచెల నూనె వద్దనుకుని, నా లంచ్ డబ్బాలో పులిహోర అడుగున తేరిన నువ్వులనూనె రెండు చుక్కలు తీసి పసుపు కలిపాను. ఆవిడ బొటనవేలు ముంచింది. ఫోన్‌లోంచి డాక్టరుగారు, కళ్ల మధ్యన, మరీ ముందుకు వద్దు, గట్టిగా నొక్కొద్దు అని చెబుతున్నారు, నేను ఇంగ్లిష్‌లో చెబుతున్నాను. ఆవిడ ఒక్కోదానికీ పెట్టి, ఒక్కోదాన్నీ నీళ్లలో దించింది. తొట్టిలో పది బాతులూ ఒకదాన్నొకటి తాకుతూ, ముక్కులన్నీ ఒకే వైపు తిప్పుకుని నిలబడ్డాయి.

"అయిందా?"

"అయిందండీ."

"ఆ విరిగినదానికి ఇంకొకటి పెట్టమనమ్మా. అది కొన్నేళ్లు వెనకబడింది."

చెప్పాను. ఆవిడ నవ్వుతూనే కళ్లు మోచేత్తో తుడుచుకుని, ఏడో నంబరును నీళ్లలోంచి తీసి, ఆరబెట్టి, మొదటి చుక్క పక్కనే రెండోది పెట్టింది.

"రాశావా, ప్రొఫెసర్?" అన్నాడు పెద్దాయన.

రాశాను. ఆ నోటుబుక్కు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఆ రోజు పేజీలో ఆఖరి వరస ఇది: బాతులు పది, తేలినవి పది, చుక్కలు పదకొండు.